లైలాక్ పొదకు పడిన ఓటు

మెట్ల దగ్గర హోకాన్ అంటించిన కాగితంలో పనులివి: ఆకులు ఊడ్చాలి. సైకిళ్ల షెడ్డు కడగాలి. గేటు దగ్గరి లైలాక్ పొద సంగతి తేల్చాలి. ఆఖర్న సాసేజులు కాల్చాలి.

స్వీడన్‌లో ఉప్సల అనే ఊళ్లోని ఆ అపార్ట్‌మెంట్ వాళ్లంతా ఏటా వసంతంలో కలిసి పెరడు శుభ్రం చేసుకునే రోజది. హోకాన్ వాళ్ల సంఘం అధ్యక్షుడు.

"నర్సరీ నుంచి మనిషొస్తాడు. ఆ ఎండు పొద పీకేసి కొత్తది పెట్టిద్దాం," అన్నాడు.

"ఎండలేదు నాయనా. ఒక్క ఏడాది ఆగు," అంది గున్వోర్. ఆమె భర్త బతికుండగా నాటిన పొద అది.

"నిరుడూ ఇదే మాటన్నారు."

అంతలో టోపీ పెట్టుకున్న ఓ పెద్దాయన గేటు తోసుకుని వచ్చాడు.

"నేను..."

"ఆలస్యంగా వచ్చారు. పర్లేదు, ఇదిగో చీపురు," అన్నాడు హోకాన్.

పెద్దాయన చీపురు వంక చూశాడు. హోకాన్ వంక చూశాడు. ఊడవడం మొదలుపెట్టాడు.

"ఎవరాయన?" గున్వోర్ గుసగుసగా అడిగింది.

"మూడో అంతస్తులో కొత్తగా దిగినాయన అయ్యుంటాడు."

"పేరు?"

"క్రిస్మస్ ముందు దిగాడు. ఇప్పుడు పేరడిగితే ఏం బాగుంటుంది?"

చలికాలం దారి మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు డబ్బా ఒకటి పొద మొదట్లో ఉంది. పెద్దాయన దాన్ని గోడవారకు ఈడ్చాడు.

"అదెందుకు జరపడం?" అన్నాడు హోకాన్.

"ఊడవడానికి అడ్డొస్తోంది."

సాయంత్రమైనా నర్సరీ మనిషి జాడ లేదు.

"మాటంటే లెక్కలేని జనం," అని హోకాన్ విసుక్కున్నాడు.

పెద్దాయన సాసేజు నములుతూ అవునన్నట్టు తలూపాడు.

పొద సంగతి తేల్చడానికి అందర్నీ చేతులెత్తమన్నాడు హోకాన్. పీకేద్దామన్నవాళ్లూ ఉంచుదామన్నవాళ్లూ సరిసమానంగా తేలారు. అప్పుడు ఆవముద్ద అంటిన చెయ్యి ఒకటి తీరిగ్గా పైకి లేచింది.

"ఉంచుదాం," అన్నాడు పెద్దాయన.

గున్వోర్ ఆయన పళ్లెంలో ఇంకో సాసేజు వేసింది.

మరుసటి ఏడాది జూన్‌లో పొద ఊదారంగు పూలతో గేటు మీదికి వాలిపోయింది. ఆ పెద్దాయనకు ఒక మాట చెప్పి వద్దామని హోకాన్ మూడో అంతస్తు ఎక్కాడు. తలుపు తీసింది పాతికేళ్ల అమ్మాయి. ఆ ఇంట్లో దిగినప్పట్నుంచీ తనొక్కతే ఉంటోందట.

తికమకపడుతూనే ఎరువు కోసం నర్సరీకి వెళ్లాడు.

"నిరుడు మీ మనిషి రాకపోవడమే మాకు మంచిదైంది," అని దెప్పాడు.

"రాలేదని ఎవరన్నారు?" అంది కొట్లో ఉన్నావిడ. "మా నాన్న ఆల్వార్ వచ్చి, పొద్దుగూకేదాకా మీ పెరడు ఊడ్చాడు, పొదను ఎండబెడుతున్న ఉప్పు డబ్బా పక్కకు జరిపాడు. 'పేరడిగితే చెబుదామనుకున్నా, ఎవరూ అడగలేదే' అని నవ్వేవాడు, మొన్న చలికాలంలో పోయేదాకా."

ఎక్కడైనా గేటు పక్కన లైలాక్ పూసి కనిపిస్తే, మొక్క అమ్మడానికొచ్చి, తన బేరానికే ఎదురు చెయ్యెత్తిన ఆల్వార్‌ని ఒకసారి తలచుకోండి.