పుస్తకంలో వేలు

“ఈ పుర్రె ఎందుకమ్మా?” బొమ్మ అందుకుంటూ అడిగాడు వెంకటరాజు.

గల్ఫ్‌లో, నయీమ్ అనే పేటలో అతనిది పటాలు కట్టే కొట్టు. ఎదురుగా సూర్యప్రభ, ఆమె కూతురు సహస్ర. బొమ్మలో ఉన్నది సాక్షాత్తూ భానుమూర్తి. నల్లటి అంగీ, గుండె మీద చెయ్యి, ఇంకో చేతిలో పుస్తకం, బల్ల మీద పుర్రె, పక్కన ఇసుక గడియారం.

“పూర్వం యూరప్‌లో పాదిరీల బొమ్మలు రాగిరేకు మీద చెక్కి అచ్చు వేసేవారంకుల్. సఖీర్ కాలేజీలో మాకు అదే పాఠం. ఆ పద్ధతిలో నాన్నను గీశాను,” అంది సహస్ర. “పుర్రె అంటే ఎవరికైనా ఒకరోజు తప్పదని. ఇసుక గడియారం అంటే కాలం ఆగదని.”

వెంకటరాజు ఆ పుర్రె వంకే చూశాడు. ఎంత ఘోరం జరిగిపోయింది. మొన్న ఉగాదికి తను పద్యం ఎత్తుకుంటే, “ఒరే రాజూ, నీ రాగానికి ఒంటెలు బెదిరి వంతెన దాటి సౌదీ పారిపోతాయిరా” అన్నాడు భానుమూర్తి. పదిమందీ నవ్వారు. అంతే, ఆనాటి నుంచి మాటల్లేవు. అతను ఎదురొస్తే తను సందు మార్చేవాడు. ప్రాణస్నేహితుడు పోతే కబురైనా అందలేదంటే, ఆ పాపం తన పంతానిదే. చెల్లెమ్మ ముఖాన బొట్టు అలాగే ఉంచుకుంది, మంచిపని చేసింది అనుకున్నాడు.

“గుండె మీద ఆ చెయ్యి?”

“మనసులో కల్మషం లేదని.”

“మరి పుస్తకంలో వేలు పెట్టుకున్నాడేం?”

“మధ్యలో లేచినా మళ్లీ అక్కడి నుంచే మొదలుపెడతానని.”

“ఇంకెక్కడి మొదలమ్మా,” అంటూ కళ్లు తుడుచుకున్నాడు వెంకటరాజు. “వాడన్నదాంట్లో తప్పేముంది చెల్లెమ్మా? నా రాగం అలాంటిదే. ఒక్కసారి ‘ఒరే రాజూ’ అని పిలిస్తే చాలు, పద్యం మొత్తం పాడి వాణ్ణి కడుపుబ్బ నవ్వించేవాణ్ణి.”

సహస్ర తల వంచుకుంది. సూర్యప్రభ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అద్దం తలుపులోంచి రోడ్డు వైపు చూస్తోంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. పాపం, దుఃఖం ఆపుకోలేకపోతోందనుకున్నాడు.

పటం బిగించాడు. అరలోంచి మంచి చందనం దండ ఏరి, దానికి వెయ్యబోయాడు.

సూర్యప్రభ చప్పున చెయ్యి అడ్డం పెట్టింది.

“కారులో ఉన్నారన్నయ్యా, మీరు పిలిస్తేనే దిగుతారట.”