తల దిగిన పేను

నేతగాడు వీరభద్రం మగ్గం మీద ఉన్నట్టుండి ఆగిపోతున్నాడు. తిండీ మానేశాడు. ఆ తలలోనే పుట్టి పెరిగిన పేనుకు కాలు నిలవడం లేదు. నెత్తి సెగలు కక్కుతోందని తెలుసు, ఎందుకో తెలియదు. ఉండబట్టలేక ఆయన కాళ్లాడే మగ్గం గుంటలోకి దిగింది.

"కాళ్లు నా హద్దు," అంది గుంటలో పడుకున్న పిల్లి. "పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందట. ఇంకా కాళ్లు కూడానా?"

"మనిషే పోతే నీకు కాళ్లుండవు, నాకు తలుండదు. ఆ కాళ్లు ఎప్పుడు ఆగుతున్నాయో చెప్పు."

"చిలుక పలికినప్పుడు."

"నెత్తి సెగలు కక్కేదీ అప్పుడే," అంటూ పేను పంజరం ఎక్కింది. "ఏం పలుకుతావే?"

"పలకడం వరకే నా పని, మిగతాది నాకనవసరం. 'అన్నం చల్లారిపోతోంది, లేవయ్యా' అంటాను."

"ఎవరు నేర్పారు?"

"పోయిన నెల కన్నుమూసిందే, ఆయన భార్య. ఆవిడ గొంతుతోనే అంటాను."

అన్నం వేళయింది. చిలుక మొదటిసారి ఆ మాట పలకకుండా ముక్కు బిగించుకుంది.