సా, పా మధ్య ఊపు

జెస్సీకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తొమ్మిది నెలల పాపకు చెవులు వినపడవేమోనని.

"పిలిస్తే తిరిగి చూడదు. నెల్లూరుకు తీసకపోయి చూపియ్యే," అని అత్త రెబెకమ్మ ఆ పొద్దున కూడా అనింది.

"నా బిడ్డకేం కాలేదు!" జెస్సీ పాపను చంకనేసుకుని విసురుగా ఉదయగిరి చర్చికి వచ్చేసింది. హార్మోనియం సరిచేయడానికి ఆత్మకూరు నుంచి గురుస్వామి వచ్చాడు. చర్చి తాళం ఆమె దగ్గరే ఉంది.

"గాలి కొట్టమ్మా," అన్నాడు ముసలాయన. ఎడమ అరచెయ్యి పెట్టెకు ఆనించి, కుడిచేత్తో సా, పా మెట్లు రెండూ కలిపి నొక్కాడు. మోత నిలకడగా లేదు, వావ్ వావ్ మంటూ ఊగింది. చాపమీద కూర్చుని పెట్టెను పట్టుకున్న పాప ఉలిక్కిపడి ఏడ్చింది.

"చూస్తివా తాతా! నా బిడ్డకు వినపడింది!"

"నా మొగం చూసి చెప్పమ్మా."

మళ్ళీ చెప్పింది. అతను మళ్ళీ మెట్లమీదికి వంగాడు.

"సా రెండుసార్లు వణికే లోపల పా సరిగ్గా మూడుసార్లు వణకాల. వెంట్రుకంత తేడా ఉన్నా ఈ ఊపు వస్తాది."

"మా కీబోర్డులో రాదే?"

"దాంట్లోనూ సన్నగా ఉంటాది. పన్నెండు మెట్లూ సమానంగా కోసేస్తారు. ఏ జతా నిండుగా కలవదు. అందరికీ కాస్త కాస్త అన్యాయం," నవ్వాడు.

ఆకురాయితో లోపల పా పలికే ఇత్తడి రేకు రీడును గీకి, మెట్లు మళ్ళీ నొక్కాడు. ఊపు తగ్గింది. ఇంకోసారి గీకాడు. పూర్తిగా ఆగింది. పాప ఏడుపూ ఆగింది.

"శ్రుతి కూడా తెలస్తా ఉండాదే నా తల్లికి!" అత్తకు చెప్పాలని జెస్సీ ఫోన్ తీసింది.

గురుస్వామి పాప అరచేతులనే చూస్తున్నాడు. "ఆగమ్మా. పాపను ఎత్తుకోని గుమ్మం కాడ నిలబడు."

ఇంకా సరిచేయని మెట్లు రెండు ఎంచి, తనే గాలి కొడుతూ నొక్కాడు. చర్చి అంతా వావ్ వావ్ మంది. పాప తల్లి గొలుసు నోట్లో పెట్టుకుని ఆడుకుంటూనే ఉంది.

"ఇంకా గట్టిగా వాయించు తాతా!" జెస్సీ కేక పెట్టింది. అతను తలెత్తలేదు. ఆమె పరుగెత్తుకొచ్చి అతని భుజం పట్టుకుని ఊపింది.

"నాకు చెవులు పోయి ఆరేళ్ళమ్మా," అన్నాడు గురుస్వామి. "అరచేత్తోనే శ్రుతి చేస్తా. పాప కూడా చేత్తోనే వినింది."

మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే, దేన్నీ తాకనీయకుండా ఎత్తుకుని, ఈ రోజే వెనకనుంచి ఒకసారి పిలిచి చూడండి.