శిబిరంలో మూడో రోజు

లియోనీ తన సంచిని కారు వెనక సీట్లోకి విసిరింది.

"ఎక్కడికే?" అంది వెర్నా ఆంటీ. ఆస్ట్రేలియాలో ముర్రే నది ఒడ్డున అక్కడి ఆదివాసీ మహిళల కోసం ఈ శిబిరం నడుపుతున్నది ఆవిడే.

"ఇంటికి. నాయకత్వం నేర్పిస్తారని నేను పనిచేసే క్లినిక్ వాళ్లు పంపారు. నువ్వేమో మూడు రోజులుగా కూర్చోబెట్టి బుట్టలల్లిస్తున్నావ్! అక్కడ అమ్మకి డయాలసిస్, చెల్లెలి పిల్లలు ముగ్గురు. నేను లేకపోతే ఆ కొంప నడవదు ఆంటీ."

"నడవదని ఎవరన్నారు?"

"ఒకరు అనాలా? పదిహేనేళ్లుగా మోస్తున్నా!"

ఫోన్ మోగింది. పందొమ్మిదేళ్ల కూతురు టార్నీ.

"చూశావా?" అని ఆంటీని కసిరి, లియోనీ ఫోనెత్తింది. "ఇప్పుడేం ముంచుకొచ్చిందే?"

"ఏం లేదమ్మా. అమ్మమ్మని ఆసుపత్రిలో దింపా. పిల్లలు బడికెళ్లారు."

"మరి ఫోనెందుకు?"

"నువ్వు తిన్నావో లేదోనని."

లియోనీకి ఒళ్లు మండింది. ఈ మాత్రానికి ఫోనా అని తిట్టబోయింది. కానీ ఆ మాట తనని ఎవరైనా అడిగి ఎన్నేళ్లయిందో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.

"లేదే," అంది. "నిన్నట్నుంచి ఏమీ తినలేదు."

వెర్నా ఆంటీ వంట పొయ్యి వైపు నడిచింది. కాసేపటికి లియోనీ కూడా ఆవిడ వెనకే వెళ్లింది.