దించని పెనం

సత్తియ్య మామ నోటి కేన్సర్‌కి పెద్దాసుపత్రిలో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకుని విశాఖ నుంచి వచ్చేసరికి, ఊరంతా కలిసి ఆయన చెరుకు నరికి, గానుగాడించి, రసం పెనంలో పోసి పొయ్యెక్కించేశాం.

మా ఊళ్లో ఎవరి బెల్లమైనా, ఆయన పాకం రుచి చూసి దించమన్నాకే దించుతాం. మామను పొయ్యి పక్కనే మంచం మీద కూర్చోబెట్టాం. ఎర్రిబాబు గరిటెలో పాకం చల్లార్చి అందించాడు.

ఆయన నాలుక మీద వేసుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.

“ఇంకా తీపి రానేదురా. కాగనియ్యండి.”

చెరుకురసం పొయ్యెక్కకముందే తీపి. ఎవరం ఎవరి మొహమూ చూడలేదు.

“అలాగే మామా,” అంటూ ఎర్రిబాబు పొయ్యిలోకి పిప్పి తోశాడు.

పాకం నల్లబడింది. మాడు వాసన ఊరంతా కమ్మింది.

సత్తియ్య మామ మళ్లీ గరిటె కోసం చెయ్యి చాచాడు.