శెనక్కాయ అంచు చీర

“ఎర్ర చుక్క కనపడతాండాదా? సరిగ్గా చూసి చెప్పు!”

మగ్గం గుంతలోంచి కాళ్లు పైకి తీయకుండానే అరిచాడు నాగేశ్వర. టీవీ ముందు రిమోటు పట్టుకుని నిలబడ్డ సునంద విసుక్కుంది.

“కనపడతాండాది. రికార్డు అవుతాండాది. ఇప్పటికి నాలుగుసార్లు చెప్పినా.”

నలభైసార్లు అడిగినా తప్పులేదనుకున్నాడు నాగేశ్వర. ధర్మవరంలో ఇరవై రెండేళ్లుగా పట్టుచీరలు నేస్తున్నాడు. ఏనాడైనా ఎవడైనా అతని పేరడిగిన పాపాన పోయాడా? అలాంటిది పోయిన నెల టీవీవాళ్లే ఇంటికొచ్చి షూటింగు చేసుకుపోయారు. ఇంకో పది నిమిషాల్లో, ఒంటిగంటన్నరకు ఆ కార్యక్రమం వస్తుంది. ఎక్కడ తప్పిపోతుందోనని పది నిమిషాల ముందునుంచే పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తున్నాడు. రేపు దాన్ని అనంతపురం తీసుకుపోయి, చేనేత అవార్డుకు మనుషులను ఎంచే అధికారుల ముందు పెట్టాలి. దరఖాస్తుకు రేపే ఆఖరు. డిజైను నీదేననడానికి రుజువేమిటని వాళ్లు అడిగితే టీవీయే జవాబు చెబుతుంది!

ఆ డిజైను అలాంటిలాంటిది కాదు మరి. నెమళ్లు, హంసలు, మామిడి పిందెలు ఊరంతా నేస్తారు. ఈ చీర అంచున పారేది శెనక్కాయ చెట్టు. పైన పసుపు పూలు, కింద వేళ్లకు గుత్తులుగా కాయలు, అప్పుడే చేలోంచి పీకినట్టు కాయలకు అంటుకున్న ఎర్రమన్ను. గ్రాఫు కాగితం మీద గడి గడికీ లెక్క తప్పకుండా వచ్చిన ఆ బొమ్మ పుట్టింది ఈ రెండు గదుల ఇంట్లోనే.

డిష్ బిగించిన లక్ష్మీపతి వచ్చి వైర్లు సరిచూసి, గోడకానుకుని కూర్చున్నాడు.

“అన్నా, ఒక మాట. ఈ డిష్ పెట్టెలో రికార్డు చేసింది ఈ పెట్టెలోనే ఆడుతాది. పెన్‌డ్రైవు పీక్కపోయి ఇంకొక టీవీకి పెడితే ఏమీ రాదు.”

“అట్లయితే పెట్టెను గూడా సంచిలో పెట్టుకోని పోతా. ఆఫీసులో టీవీ ఉంటాది కదప్పా!”

లక్ష్మీపతి పడీపడీ నవ్వాడు. “గట్టోనివేనన్నా! అవునుగానీ, చీర మీద శెనక్కాయ వేయల్లని నీకెట్ల తట్టింది?”

“అట్ల తట్టింది, అంతే” అని నాగేశ్వర గుంతలోంచి లేచాడు. “సునందా, లక్ష్మీపతికి మజ్జిగ తీసుకురా.”

సునంద లోపలికి వెళ్లింది. షూటింగు జరిగిన రోజు కూడా అంతే, ఆమె వంటింట్లోనే ఉండిపోయింది. టీవీ అమ్మాయి తొంగిచూసి, “అక్క కూడా నేస్తారా?” అని అడిగితే, “దారం కండెలు చుడతాది, అంతే” అన్నాడు నాగేశ్వర. తర్వాత కెమెరా ముందు కూర్చుని ముప్పావు గంట మాట్లాడాడు. ఆ టీవీవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది గంగాధరప్ప. బజారులో పెద్ద చీరల అంగడి ఆయనది. పట్టూ జరీ ఆయనవి, రెక్కలు నాగేశ్వరవి.

కార్యక్రమం మొదలైంది. మగ్గం చప్పుడు. నాగేశ్వర చేతులు. నాగేశ్వర కాళ్లు. ఆ వెంటనే తెరనిండా శెనక్కాయ అంచు.

“అబ్బ! మొగం ఇప్పుడొస్తాది, చూడు లక్ష్మీపతీ” అన్నాడు టీవీ దగ్గరికి జరిగి.

మొహం వచ్చింది. గంగాధరప్పది. అంగట్లో పరుపు మీద చీర పరుచుకుని కూర్చున్నాడు మహానుభావుడు.

“ఇది నా ఆలోచనేనండి. మూడు నెలలు కూర్చుని గీసినాను. నేను గీసిచ్చింది మా పనోళ్లు నేసినారు.”

కింద అక్షరాలు పడ్డాయి: గంగాధరప్ప, డిజైన్ రూపకర్త. ఆ తర్వాత సబ్బు ప్రకటన.

“వెనక్కి తిప్పు” అన్నాడు నాగేశ్వర.

సునంద తిప్పింది. మళ్లీ చేతులు, కాళ్లు, గంగాధరప్ప. ఇంకోసారి తిప్పమన్నాడు. ఎన్నిసార్లు తిప్పితే మాత్రం, లేని మొహం ఎక్కడినుంచి వస్తుంది? లక్ష్మీపతి మజ్జిగ గ్లాసు కిందపెట్టి, చెప్పకుండానే జారుకున్నాడు.

నాగేశ్వర తెరకేసి వేలు చూపించాడు. “ఎంత అన్యాయమే ఇది! ఒకరు కండ్లు పోయేట్ల గీసిందాన్ని నాదని చెప్పుకునేకి వానికి నోరెట్ల వచ్చింది? అన్నం తినే మనిషేనా వాడు?”

“తినే పొద్దు దాటిపోతాండాది. బువ్వ పెట్టేదా?” అంది సునంద.

“బువ్వంట బువ్వ! సొంత పని మీద ఇంకొకరి పేరు పడితే కడుపెట్ల మండుతాదో నీకేం తెలుసు?”

అతను భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, పెట్టె వైర్లు ఒక్కొక్కటే పీకసాగాడు. తనదైనది కళ్లముందే ఎత్తుకుపోయారన్న ఏడుపు ఆగడంలేదు. ఊరుకుంటే చచ్చినట్టే అనుకున్నాడు.

“రేపు ఇదే చూపిస్తా. వాడు టీవీలో కూచ్చోని ఎట్ల అబద్ధమాడినాడో ఆ సార్లనే చూడమంటా. నువ్వూ రావల్ల.”

“నేనెందుకు?”

“సాక్ష్యానికి. గీసింది మా ఇంటాయనే, నా కండ్లారా చూసినానని అందరి ముందర ఒట్టు పెట్టి చెప్పల్ల. చెప్తావా, లేదా?”

సునంద రిమోటును అతని చేతిలో పెట్టింది.

“గీసింది నేను కదయ్యా.”