కమ్మల పొట్లం

ఊడ్చే మనిషి మళ్లీ వచ్చింది. పొద్దున్నుంచి అదే మంచం కింద ఇది నాలుగోసారి.

చీపురు నేల మీద ఉంది. చూపు మాత్రం పాప చెవి కట్టు మీద ఉంది.

తల్లి ఆ కట్టుకు చెయ్యి అడ్డం పెట్టింది. చిల్లుపడ్డ కర్ణభేరికి డాక్టరు కొత్త పొర వేసి రెండు రోజులే అయింది. అది అతుక్కుంటేనే పాపకు ఆ చెవి వినిపిస్తుందట. లేకపోతే బడిలో అందరూ చెవిటి మాలోకం అనడమే మిగులుతుంది.

"ఆవిడ వాలకం చూశావా అమ్మాయ్?" అంది పక్క మంచం మామ్మ. "పాప కమ్మలు ఎక్కడ పెట్టావు?"

ఆపరేషన్‌కు ముందు తీయించిన కమ్మలవి. తల్లి గబగబా వాటిని నర్సు ఇచ్చిన కాగితంలో పొట్లం కట్టి జాకెట్లో దోపుకుంది. ఆ కాగితం తీరిగ్గా కూడబలుక్కుని చదువుదామనుకుంది. ఐదో తరగతితో ఆగిన చదువాయె.

మర్నాడు పాపకు జలుబు చేసింది. ముక్కు బిగుసుకుపోయి గునుస్తోంది. తల్లి తువ్వాలుతో ముక్కు పట్టింది.

"గట్టిగా చీదు, నా తల్లివి కదూ."

ఎక్కణ్నుంచి ఊడిపడిందో, ఊడ్చే మనిషి ఆమె చెయ్యి ఒక్క విసురున లాగేసింది.

"చీదించకు. కారితే కారనీ. పైపైన తుడువు."

"నా పిల్ల జోలికి రావడానికి నువ్వెవరు?"

ఆమె మళ్లీ చీపురు అందుకుంది. బెదిరిపోయిన పాప ఆ తర్వాత ఎంత బతిమాలినా చీదలేదు.

తల్లి తిన్నగా పెద్ద నర్సు దగ్గరికి వెళ్లింది. చెయ్యి పట్టి లాగిందని చెప్పింది. కమ్మల మీద కన్నేసిందని కూడా చెప్పింది. సాయంత్రానికి వార్డులో వేరే మనిషి ఊడుస్తోంది.

ఆరు వారాలకు డాక్టరు చెవిలో పెట్టిన దూదంతా తీశాడు. పాప మంచి చెవి మూసి, వెనక నిలబడి, గుసగుసగా ఏదో అన్నాడు.

పాప గిర్రున తిరిగింది. "అమ్మా, రేపు బడికి సెలవట!"

"పొర చక్కగా అతుక్కుంది," అన్నాడు డాక్టరు. "చీదితే గాలి లోపల్నుంచి తన్ని దాన్ని లేపేస్తుంది. కాగితం చూసి జాగ్రత్తగానే ఉన్నారు."

ఇవాళ పాపకు పెడదామని తెచ్చిన కమ్మల పొట్లాన్ని తల్లి విప్పింది. మొదటి వరుసలోనే ఉంది, ముక్కు చీదించరాదని.

ఆమె పరుగున వార్డుకు వెళ్లి ఊడ్చే మనిషి కోసం అడిగింది. దొంగతనం మాట వచ్చాక పనిలో ఉంచుతారా, ఆ రోజే తీసేశారంది పెద్ద నర్సు. ఎక్కడుంటుందో తనకూ తెలియదంది.

"మరి అస్తమానం మా పాప మంచం దగ్గరికే ఎందుకొచ్చేది?"

నర్సు దుప్పటి మడత పెడుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"ఆమె కూతురికీ ఆ మంచం మీదున్నప్పుడే జలుబు చేసిందమ్మా, తనే దగ్గర కూర్చుని చీదించింది."